గుండె ముందా, ఊపిరి ముందా?

(హుకుంపేటలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సమావేశంలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కబురు పెట్టినప్పుడు, ఏ విషయం మీద అని అడిగాము. "ఆరోగ్యం గూర్చి ఏదైనా చెప్పండి డాక్టరుగారూ, మీ ఇష్టం" అన్నారు. మా ఇష్టానికి వదిలేస్తే మేము మత్తుమందు గూర్చే మాట్లాడతాము. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆపరేషను గదిలో మనుషుల్ని నిద్రపుచ్చటమే మా పని. మైకు ముందు కూడా అదే పని చేస్తామేమోనని భయపడి ఎటూ తేల్చుకోలేకపోయాము. నిన్న రాత్రి బస చేసిన ఇంట్లో, భోజనాల దగ్గర ఒక నానీగారు అడిగిన ప్రశ్న దారి చూపించింది. "బేటా, గుండె ఆగితే ఊపిరి ఆగుతుందా, ఊపిరి ఆగితే గుండె ఆగుతుందా? ఏది ముందు?"

ఆమె ఊరికే అడగలేదు. ఆమె మనవడు జీపు నడుపుతాడు. సంతరోజున బట్టల మూటలూ ఉల్లిపాయల బస్తాలూ మోసే జీపే, అవసరం పడితే ఆసుపత్రి బండి అవుతుంది. ఒక వానాకాలం తెల్లవారుజామున కొండమీది గూడెం నుంచి పదమూడేళ్ళ పిల్లవాడిని డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చారు. రాత్రి కటిక నేల మీద పడుకున్నాడు. పాము కరిచినట్టు ఎవరికీ తెలియదు. కాటు గుర్తు కనపడలేదు, వాపు లేదు. వేకువన కడుపునొప్పి అన్నాడు, వాంతి చేసుకున్నాడు, కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దముద్దగా వచ్చింది. జీపు ఎక్కించేసరికి కదలిక లేదు. కొంత దూరం పోయాక ఊపిరీ కనపడలేదు. "అయిపోయింది, బండి తిప్పెయ్యి" అన్నారు ఒకరిద్దరు. పిల్లవాడి మేనమామ ఛాతీ మీద చెవి ఆనించి, "కొట్టుకుంటోంది, తిప్పొద్దు" అన్నాడు.

ఆనాటి నుంచి ఆ డ్రైవరు అబ్బాయిని పట్టుకున్న సందేహమే నానీగారి నోట వచ్చింది. ఊపిరి లేని మనిషిలో గుండె ఎలా కొట్టుకుంటుంది? పిల్లవాడి సంగతి చివర్లో చెబుతాము, కాస్త ఓపిక పట్టండి.

నానీగారి ప్రశ్నకు సగం జవాబు మాంసం కొట్టు నడిపే సోదరులకు తెలుసు. మేకను కోసి గుండె బయటికి తీశాక కూడా అది కాసేపు అదురుతూ ఉండటం వారు చూసే ఉంటారు. గుండెకు దాని తాళం దాని దగ్గరే ఉంది. మెదడు నుంచి వచ్చే నాడులు ఆ వేగాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి, అంతే. దరువు మాత్రం గుండెదే. ఊపిరితిత్తులను అలా బయటికి తీసి చూడండి, ఒక్కసారి కూడా కదలవు. అవి తిత్తులే గాని కండరాలు కావు. పొట్టకూ ఛాతీకీ మధ్య పరదాలాగా ఉండే ఉదరవితానం అనే కండరం కిందికి దిగితే, పక్కటెముకలు పైకి లేస్తే, గాలి లోపలికి వస్తుంది. ఆ కండరాలకు కూడా సొంత తాళం లేదు. "ఇప్పుడు లాగు" అని ప్రతిసారీ ఎవరో చెప్పాలి. నిమిషానికి పన్నెండు నుంచి పద్దెనిమిది సార్లు, రోజుకు ఇరవై వేల సార్ల చిల్లర, పుట్టిన గడియ నుంచి పోయే గడియ దాకా, నిద్రలోనూ చెబుతూనే ఉండాలి.

ఆ చెప్పేది ఎక్కడుందో వేలు పెట్టి చూపవచ్చు. అందరూ ఒకసారి మెడ వెనుక చెయ్యి పెట్టుకోండి. తలపుర్రె వచ్చి మెడమీద కూర్చునే చోటు ఉంది చూశారా, దానికి లోపల మెదడు సన్నబడి కాండంలాగా కిందికి దిగుతుంది. దానిని మెదడు కాండం అంటారు. అందులో అన్నిటికంటే కింది భాగం మజ్జాముఖం. నిడివిలో మన బొటనవేలి చివరి కణుపంత ఉంటుంది. లెక్కలు చేసేది, కవిత్వం చెప్పేది, పక్కింటివారి మీద అసూయపడేది అంతా పైన ఉన్న పెద్ద మెదడు. ఈ కింది ముక్కకు అవేవీ తెలియవు. దానికి తెలిసిన పనుల్లో మొదటిది ఊపిరి.

ఫ్రాన్సులో లెగల్వా అనే వైద్యుడు కుందేళ్ళ మెదడును పైనుంచి పొరలుపొరలుగా తీసేస్తూ పోయి, 1812లో ఒక పుస్తకం ప్రకటించాడు. పెద్ద మెదడు పోయినా, చిన్న మెదడు పోయినా కుందేలు ఊపిరి తీస్తూనే ఉంది. మజ్జాముఖంలో ఒక చోటికి కత్తి చేరగానే ఆగిపోయింది. ఆ చోటు కొలతను ఇంకా సన్నం చెయ్యటానికి 179 ఏళ్ళు పట్టింది. 1991లో జెఫ్రీ స్మిత్, జాక్ ఫెల్డ్‌మన్, వారి సహచరులు కలిసి, అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మజ్జాముఖం నుంచి అర మిల్లీమీటరు అటూ ఇటూ మందం గల పలుచని బిళ్ళ కోసి ఉప్పునీటిలో ఉంచారు. ఎలుక లేదు, ఊపిరితిత్తులు లేవు, రక్తం లేదు. అయినా ఆ బిళ్ళ గాజు పాత్రలో "లాగు... ఆగు... లాగు... ఆగు..." అని తాళం వేస్తూనే ఉంది. దానికి ప్రీ-బోట్‌జింగర్ సముదాయం అని పేరు. దాని పక్కనున్న భాగానికి అప్పటికే బోట్‌జింగర్ అనే పేరుంది. 1978లో జర్మనీలో ఒక శాస్త్ర సభ తరువాత విందు బల్ల మీద ఉన్న సీసా పేరును ఫెల్డ్‌మన్ ఆ భాగానికి పెట్టేశాడట. ఆ సీసాలో ఏముందో మన సభలో చెప్పనక్కరలేదు.

ఆ బిళ్ళలో తాళం ఎలా పుడుతుంది? మీరందరూ థింసా ఆట చూసినవారే. నడుములు పట్టుకుని వరుసగా నిలబడతారు. ముందు ఒకరిద్దరి పాదం కదులుతుంది. పక్కవారికి ఆ ఊపు అందుతుంది. వారి నుంచి ఆ పక్కవారికి. చూస్తూ ఉండగానే వరుస మొత్తం ఒక్కసారి ముందుకు తూగుతుంది. ఆ కణాలదీ ఇదే తీరు. కొన్ని కణాలు మెల్లగా అందుకుంటాయి, ఒకదానినొకటి రేపుకుంటాయి, అన్నీ కలిసి ఒక్క ఊపు ఊపుతాయి. ఆ ఊపు మెడలోని నాడుల గుండా దిగి ఉదరవితానాన్ని లాగుతుంది. అది ఉచ్ఛ్వాస. ఆ తరువాత కణాలు అలసి సద్దుమణుగుతాయి, పరదా తనంతట తాను వెనక్కి వస్తుంది. అది నిశ్వాస. మామూలుగా కూర్చున్నప్పుడు గాలి వదలటానికి శ్రమ అక్కరలేదు. కొలిమితిత్తిని నొక్కి వదిలితే దానంతటదే లేచినట్టు, ఇక్కడ లాగి వదిలితే దానంతటదే ముడుచుకుంటుంది. థింసాలో అందరికంటే ముందు పాదం కదిపేవారు ఎప్పుడూ వారేనా, లేక ఎవరైనా మొదలుపెట్టవచ్చునా అని అడిగితే, దానిమీద శాస్త్రజ్ఞులు ఈనాటికీ వాదించుకుంటున్నారు.

ఈ చోటుకు పక్కనే నిట్టూర్పు పుట్టించే కణాలు కూడా ఉన్నాయని 2016లో తేల్చారు. మూలల్లో ముడుచుకుపోయిన ఊపిరితిత్తుల గదులను తెరవటానికి ప్రతి మనిషీ ఐదారు నిమిషాలకొకసారి తెలియకుండా ఒక పెద్ద ఊపిరి తీస్తాడు. కనుక అత్తగారు నిట్టూర్చిన ప్రతిసారీ తన గూర్చే అని కోడలు అనుకోనక్కరలేదు.

ఇక ఈ తాళాన్ని ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో ఆ కణాలకు ఎవరు చెబుతారు? ప్రాణవాయువు తగ్గితే తెలుస్తుందని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. ఊపిరి బిగబట్టి చూడండి. కాసేపటికి లోపలి నుంచి తన్నుకొస్తుంది గదా, అది ప్రాణవాయువు అయిపోయినందువల్ల కాదు. వదలవలసిన గాలి పేరుకున్నందువల్ల. కార్బన్ డయాక్సైడు అంటారు, మా చిన్నప్పటి పాఠ్యపుస్తకాల్లో దాని పేరు బొగ్గుపులుసు వాయువు. ఆ పులుపు అన్న మాటలోనే కిటుకు ఉంది. ఆ వాయువు నీటిలో కలిస్తే ఆమ్లం అవుతుంది. మెదడు చుట్టూ ఉండే నీరు ఏ కాస్త పులిసినా మజ్జాముఖం అడుగుభాగంలోని కణాలు పసిగట్టి, "వేగం పెంచు" అంటాయి. హాల్డేన్, ప్రీస్ట్‌లీ అనే ఇద్దరు బ్రిటిషువారు, ఊపిరి వేగాన్ని ముఖ్యంగా నడిపేది ఆ వాయువేనని 1905లో బయటపెట్టారు. ప్రాణవాయువును కనిపెట్టే కాపలాదారు వేరే ఉన్నాడు. మెడలో రెండు పక్కలా, పెద్ద రక్తనాళం చీలే చోట, బియ్యపుగింజంత ముద్ద. ఆ ప్రాంతపు పనితనం తేల్చినందుకు బెల్జియం దేశస్థుడు హేమన్స్‌కు 1938 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇద్దరు కాపలాదారులున్నారు గనుక భయం లేదనుకోకండి. ఇద్దరినీ తప్పించుకు వచ్చే దొంగ ఒకడున్నాడు. వాడు మన ఇళ్ళలోనే ఉన్నాడు.

ఈ కొండల్లో డిసెంబరు, జనవరి చలి సంగతి మీకు చెప్పేదేముంది. రాత్రి కుంపటి రాజేసి, తలుపులు బిగించి, కిటికీ సందుల్లో గోనెగుడ్డ కుక్కి పడుకుంటాము. పసిపిల్లలూ బాలింతలూ ఉన్న ఇళ్ళలో మరీను. గాలి చాలక బొగ్గు సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన పీట మీద ఇది కూర్చుంటుంది. ప్రాణవాయువు కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. లోపల బొగ్గుపులుసు వాయువు పెరగలేదు గనుక మజ్జాముఖానికి పులుపు తగలదు. మెడలోని కాపలాదారు చూసేది రక్తద్రవంలో కరిగి ఉన్న ప్రాణవాయువును, అది మామూలుగానే ఉంటుంది గనుక అతడూ మాట్లాడడు. మనిషికి ఊపిరాడనట్టు అనిపించదు, ఉక్కిరిబిక్కిరై లేవడు. తలనొప్పి వస్తుంది, కడుపులో తిప్పుతుంది, మగతగా ఉంటుంది. చలికి హాయిగా నిద్ర పడుతోందనుకుంటాడు. తల్లులకు మేము చేతులు జోడించి మనవి చేస్తున్నాము. కుంపటి దగ్గర చలి కాచుకోండి. పడుకునే ముందు దానిని వాకిట్లో పెట్టండి. ఆరినట్టు కనపడే కుంపటిని కూడా గదిలో ఉంచకండి. ఇంటిల్లిపాదికీ ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే చలిగాలి మీద నెపం వెయ్యకుండా ముందు తలుపులు తెరిచి బయటికి రండి.

ఇప్పుడు మా హైదరాబాదు సంగతి. నానీగారు అడిగిన ప్రశ్నే, అక్షరం పొల్లు పోకుండా, నిజాం ప్రభుత్వ ఖర్చుతో, 1889లో అక్కడ విచారణకు వచ్చింది. ఈ సంగతి మన పిల్లల పుస్తకాల్లో కనపడదు, అది మాకు ఎప్పుడూ బాధే.

క్లోరోఫారం 1847లో వచ్చింది. కోతకు నొప్పి లేకుండా పోయింది. మరుసటి ఏడు జనవరిలోనే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి, కాలి గోరు తీయించుకోబోయి, ఆ మందు కిందే చనిపోయింది. అప్పటి నుంచి తగువు మొదలు. లండను వైద్యులు, మందు గుండెను ఆపుతోంది, నాడి పట్టుకుని చూస్తూ ఉండాలి అన్నారు. ఎడింబరో వైద్యులు, ఆగేది ఊపిరి, ఛాతీని చూస్తూ ఉండాలి అన్నారు. ఎడింబరోలో చదువుకున్న ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా, అక్కడి వైద్య పాఠశాలకు పెద్దగా వచ్చాడు. మొండివాడు. 1888లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో కుక్కల మీద పరీక్షలు జరిపించి, ఊపిరే ముందు ఆగుతుందని ప్రకటించాడు. లండనులోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం, మీకు నమ్మకమైన మనిషినే పంపండి, ఖర్చు మాది అని వెయ్యి పౌనులు ఇచ్చింది. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన వైద్యుడు ఓడ ఎక్కి వచ్చాడు. గుండే ముందు ఆగుతుందని నమ్మి వచ్చినవాడు. నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు చేశారు. చివరికి బ్రంటన్ తన మాట మార్చుకున్నాడు. క్లోరోఫారం ఎక్కువైతే మొదట ఆగేది ఊపిరి, గుండె ఆ తరువాతే, కనుక మత్తు ఇచ్చేవాడి కన్ను ఊపిరి మీదే ఉండాలి అని సంఘం తీర్పు చెప్పింది. క్లోరోఫారం ముందుగా మూగబుచ్చేది మనం ఇందాక మెడ వెనుక వేలు పెట్టి చూపిన ఆ చోటునే.

ఆ పాఠశాలలో ఆ రోజుల్లోనే చదివిన రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్సీ మహిళ, ప్రపంచంలోనే మొదటి తరం మహిళా మత్తువైద్యుల్లో లెక్కకు వచ్చింది. 1908 మూసీ వరదలో ఆ ఆసుపత్రి కొట్టుకుపోయింది. తరువాత ఆ నది ఒడ్డునే ఉస్మానియా ఆసుపత్రి లేచింది.

మాది మత్తువైద్యమే గనుక ఈ కథ చెప్పుకుని గర్వపడటం మాకు అలవాటు. కాని పూర్తిగా చెప్పకపోతే తప్పవుతుంది. హైదరాబాదు తీర్పులో సగమే ఒప్పు. 1911లో లీవీ అనే ఇంగ్లీషు వైద్యుడు పిల్లుల మీద పరీక్షించి, క్లోరోఫారం తక్కువగా ఇచ్చినప్పుడు కూడా గుండె ఉన్నట్టుండి దరువు తప్పి వణికి ఆగిపోవచ్చునని చూపించాడు. ఆ సమయంలో ఊపిరి బాగానే నడుస్తూ ఉంటుంది. లారీ "ఎప్పుడూ" అన్నాడు. ఆ ఒక్క మాట అనకుండా ఉండవలసింది. ఊపిరి చూడమన్న సలహా మంచిది, నాడిని చూడనక్కరలేదన్న ధీమా చెడ్డది. కనుక నానీగారూ, మీ ప్రశ్నకు పూర్తి జవాబు ఇది: ఏదైనా ముందు ఆగవచ్చు. ఊపిరి ముందు ఆగితే మాత్రం గుండె మనకు కొన్ని నిమిషాల గడువు ఇస్తుంది. ఆ గడువు తక్కువ, కాని అది నిజమైన గడువు.

ఆ గడువు విలువ మాకు ఒక ఆయా నేర్పింది. ఏ ఆసుపత్రో చెప్పము, అక్కరలేదు, తప్పు మాది. కొత్తగా చేరిన రోజులు. ఆపరేషను అయిన ఒక పెద్దాయన నొప్పికి తాళలేక మూలుగుతుంటే మార్ఫిన్ సూది ఇచ్చాము. కాసేపటికి మూలుగు ఆగింది. హాయిగా పడుకున్నాడనుకున్నాము. వెళ్ళి నాడి పట్టుకున్నాము, చక్కగా ఉంది. కాగితం మీద అంకె రాసుకుని పక్క మంచానికి జరిగాము. నేల తుడుస్తున్న ఆయా తల ఎత్తి, "బాబూ, ఆ ముసలాయన ఊపిరి తీయట్లేదు" అంది. తిరిగి చూస్తే పెదవులు నీలం. పొట్ట కదలటం లేదు. భుజం తట్టి "ఊపిరి పీల్చండి తాతగారూ" అంటే ఒక్కటి పీల్చాడు, మళ్ళీ మరిచిపోయాడు. ముఖానికి తొడుగు పెట్టి సంచి నొక్కుతూ ఊపిరి ఇచ్చాము, విరుగుడు సూది ఇచ్చాము, బతికాడు. నల్లమందు జాతి మందులన్నీ ఇంతే. ఆ తాళం వేసే కణాల మీదే ఆ మందు కూర్చునే గూళ్ళు ఉన్నాయి. నొప్పినీ ఊపిరినీ రెండింటినీ అణుస్తుంది. నిద్రమాత్రలూ సారా తోడైతే ఇంకా చెడ్డ. ఇంట్లో ఎవరికో మిగిలిపోయిన నొప్పి మాత్రలు మరొకరికి ఇచ్చేవారు, పడుకున్న మనిషి గురక తీరు మారినప్పుడు "బాగా నిద్రపోతున్నాడు" అనుకునేవారు, ఈ తాతగారిని గుర్తు పెట్టుకోండి. మేము ఆ రోజు నాడి చూశాము. ఆయా మనిషిని చూసింది.

ఆ కణాలు జబ్బుపడితే చేత్తో ఊపిరి ఇచ్చి ఎంతకాలం నడపవచ్చు? 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెనులో పోలియో విరుచుకుపడింది. కొందరిలో ఆ క్రిమి మెదడు కాండాన్నే పట్టింది, చాలా మందికి ఊపిరి కండరాలు పడిపోయాయి. ఊపిరి యంత్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే. ఇబ్‌సెన్ అనే మత్తువైద్యుడు, ఆపరేషను గదిలో మేము చేసే పనే ఇక్కడా చేద్దాం అన్నాడు. పన్నెండేళ్ళ అమ్మాయి గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టి రబ్బరు సంచి నొక్కాడు, బతికింది. తరువాత దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు, వంతులు వేసుకుని, రాత్రింబగళ్ళు, నెలల తరబడి, పడకల పక్కన కూర్చుని చేత్తో సంచి నొక్కారు. ఒక మనిషి మజ్జాముఖం చేయవలసిన పని ఇంకొక మనిషి చెయ్యి చేసింది. ఈనాటి ఐ.సి.యు. వార్డులన్నీ అక్కడ పుట్టినవే. మన దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరిలో. చుక్కల మందు మోసుకుని ఈ కొండలెక్కిన వారికి అందులో వాటా ఉంది.

ఊపిరి మరిచిపోయేవారిలో నెలలు నిండక పుట్టిన బిడ్డలూ ఉన్నారు. వారి మెదడు కాండం ఇంకా పచ్చి. తాళం వేస్తూ వేస్తూ ఆగిపోతుంది. ఇరవై సెకన్లు కదలిక ఉండదు, బిడ్డ నీలం తిరుగుతుంది, అరికాలు గోకితే మళ్ళీ అందుకుంటుంది. అటువంటి బిడ్డలకు ఆసుపత్రుల్లో ఇచ్చే మందు ఏమిటో తెలుసునా? కెఫీన్. మన అరకు తోటల్లో మిరియాల తీగలు పాకిన చెట్ల నీడన పండే కాఫీగింజలో ఉండేదే. ఆ పచ్చి కణాలను మేలుకొలుపుతుంది. 1970ల నుంచి వాడుకలో ఉంది, 2006లో పెద్ద పరీక్షలో మేలు రుజువైంది. ఇది విని ఎవరూ ఇంటికెళ్ళి పసిబిడ్డ నోట్లో కాఫీ పొయ్యకండి! అది శుద్ధి చేసిన మందు, బిడ్డ బరువును బట్టి చుక్కల లెక్కన ఇచ్చేది, పక్కన యంత్రం కనిపెట్టి ఉండగా ఇచ్చేది. తక్కువ బరువు బిడ్డను చలిలో ఇంట్లో దాచకుండా ఆసుపత్రికి తీసుకురావటమే మనం చేయవలసినది.

జీపు దగ్గరికి వద్దాము.

పిల్లవాడిని కరిచింది కట్లపాము. రాత్రిపూట నేల మీద పడుకున్నవారి పక్కలోకి వస్తుంది, సూదితో గుచ్చినంత కూడా నొప్పి ఉండకపోవచ్చు. తాతగారి విషయంలో చెప్పేవాడు మూగబోయాడు. ఈ పిల్లవాడి విషయంలో అలా కాదు. మజ్జాముఖం "లాగు, లాగు" అని అరుస్తూనే ఉంది. విషం నాడి చివర, కండరంలోకి కబురు దిగే చోట కూర్చుని ఆ కబురు అందనివ్వలేదు. రెప్పలు లేపలేడు, నాలుక కదపలేడు, ఊపిరి లాగలేడు. కాని ఇలాంటి స్థితిలో మనిషికి తెలివి ఉండవచ్చు, చుట్టూ అనే మాటలు వినపడవచ్చు. "అయిపోయింది, తిప్పెయ్యి" అన్న మాట ఆ పిల్లవాడు విన్నాడు. మాతో స్వయంగా చెప్పాడు.

మేనమామ చదువుకున్నవాడు కాదు. ఒకసారి వాగులో పడ్డ పిల్లకు ఆరోగ్య కార్యకర్త నోటితో ఊపిరి ఊదటం చూశాడట. అంతే జ్ఞాపకం. పిల్లవాడి తల వెనక్కి వంచి, ముక్కు మూసి, ఊదటం మొదలుపెట్టాడు. అలసిపోతే డోలీ మోసిన ఇంకొకతను అందుకున్నాడు. నానీగారి మనవడు బండి తిప్పలేదు. గుంతల్లో కుదుపుకు ఊదటం తప్పిపోయేదట, మళ్ళీ పెట్టేవారట. ఆసుపత్రిలో గొట్టం వేసి యంత్రం మీద పెట్టారు, విషానికి విరుగుడు ఇచ్చారు. దెబ్బతిన్న నాడుల చివరలు మళ్ళీ చిగురించాలి గనుక రోజులు పట్టింది. ఎనిమిదో రోజున తనంతట తాను ఊపిరి తీశాడు. ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఆ మేనమామ మాటల మనిషి కాదు. మేము ఎంత పొగిడినా, "గుండె కొట్టుకుంటోంది గదా బాబూ" అన్నాడు.

ఒక హెచ్చరిక చెయ్యాలి. మేనమామ చెవికి గుండె చప్పుడు వినపడింది. కుదుపుల్లో, కంగారులో అందరికీ వినపడదు, నాడి దొరకదు. డాక్టర్లమే పొరబడతాము. కనుక ఈనాటి పద్ధతి సులువు చేశారు. పిలిస్తే పలకడు, ఊపిరి మామూలుగా లేదు అంటే, నాడి వెతుకుతూ కూర్చోవద్దు. 108కి చెప్పండి, రొమ్ము ఎముక మధ్య రెండు చేతులతో గట్టిగా నొక్కటం మొదలుపెట్టండి, ముప్పైసార్లకు రెండు ఊపిరులు. లారీ చేసిన తప్పు మనం చెయ్యనక్కరలేదు. గుండెకూ ఊపిరికీ రెండింటికీ చేయూత ఇద్దాము. "మామూలుగా" అన్న మాట గట్టిగా పట్టుకోండి. ఎగశ్వాస ఉంది చూశారూ, నోరు తెరిచి చేపలాగా ఎప్పుడో ఒక్కటి లాగటం, దానిని చూసి "ఇంకా ఊపిరి ఉంది" అని చాలామంది చేతులు కట్టుకు నిలబడతారు. అది ఊపిరి కాదు. మజ్జాముఖం చివరి ప్రయత్నం. నిజానికి మనం మొదలుపెట్టవలసిన క్షణం అదే.

జీలుగు చెట్టు మీద నుంచి పడ్డవారిని ఎత్తేటప్పుడు తలా మెడా ఒంపు పోకుండా ఒకే పలకలాగా ఎత్తండి. ఊపిరి కబురు మెడలో నుంచే దిగుతుందని చెప్పాము గదా. పాము కరిస్తే కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడు బిగించవద్దు. కదలకుండా పడుకోబెట్టి మోసుకు రండి. వానాకాలంలో నేల మీద కాక మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి.

మాట్లాడే వేళ మించిపోయింది. అధ్యక్షులవారు గడియారం చూసుకోవటం మేము గమనించాము. విశాఖపట్నం నుంచి వచ్చేటప్పుడు ఒక రబ్బరు బొమ్మనూ, ఊపిరి సంచినీ వెంట తెచ్చాము. భోజనాలకు ముందు అరగంట చాలు. జీపు, ఆటో నడిపే సోదరులు ముందు రండి. కాన్పుల దగ్గర ఉండే తల్లులు ఇటువైపు వరుసకు రండి, పసిబిడ్డ బొమ్మ వేరే ఉంది. నానీగారూ, మీరూ రండి. ఈ ప్రశ్న మీదే.